బావురుపిల్లి

బావురుపిల్లి (శాస్త్రీయ నామం: ప్రియోనైలూరస్ వివెరైనస్) మార్జాల కుటుంబానికి చెందిన ఒక చిన్న అడవి పిల్లి. దీనికే నీటిపిల్లి అని మరొక పేరు కలదు. దక్షిణ, ఆగ్నేయ ఆసియాలోని చిత్తడి నేలలు, మడ అడవులు, నదీముఖాలు దీని నివాస స్థానాలు. చేపలు దీని ప్రధాన ఆహారం. ఇది పశ్చిమ బెంగాల్ రాష్ట్ర జంతువు.

శరీర లక్షణాలు

చిన్న పిల్లి అన్నది పులి, చిరుతలతో పోల్చి అన్న మాట. పెంపుడు పిల్లి కంటే ఇది చాలా పెద్దది; బరువు 5 నుండి 16 కిలోల వరకు ఉంటుంది. బూడిద రంగులో ఆకుపచ్చ ఛాయ కలిసిన వెంట్రుకలు, వాటిపై వరుసలుగా నల్లని మచ్చలు, బలమైన పొట్టి కాళ్ళు, పొట్టి తోక దీని గుర్తులు. చర్మానికి ఆనుకొని ఉన్న దట్టమైన లోపలి రోమాలు నీటిని ఒంటికి అంటనీయవు. గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. వేళ్ళ మధ్య ఉండే పొర గురించి పుస్తకాలలో ఎక్కువగా చెబుతారు గాని, అది ఇతర పిల్లులలో కంటే మరీ ఎక్కువేమీ కాదు.

వర్గీకరణ

1833లో ఆంగ్ల జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టర్నర్ బెన్నెట్ ఈ జాతిని మొదటిసారిగా వర్ణించి, ఫెలిస్ వివెరైనస్ అని పేరు పెట్టాడు. వివెరైనస్ అనగా పునుగుపిల్లిని పోలినది అని అర్థం. పొడవైన ముఖం, మచ్చల వరుసలు, పొట్టి కాళ్ళు చూస్తే ఈ పోలిక తెలుస్తుంది. నేటికీ కొన్నిచోట్ల జనం దీనిని పునుగుపిల్లి అని గాని, చిరుతపులి పిల్ల అని గాని పొరబడుతుంటారు.

1858లో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ సెవెర్త్‌సోవ్ ఆసియాలోని చిన్న మచ్చల పిల్లులకు ప్రియోనైలూరస్ అను పేరును ప్రతిపాదించాడు. అయితే బావురుపిల్లిని మాత్రం అందులో చేర్చక, జిబెథైలూరస్ అను వేరొక పేరు కింద ఉంచాడు. 20వ శతాబ్దంలో రెజినాల్డ్ పోకాక్ దీనిని ప్రియోనైలూరస్ ప్రజాతిలోకి తెచ్చాడు. తరువాతి కాలపు జన్యు పరిశోధనలు ఈ నిర్ణయాన్ని బలపరచినవి. చిరుతపిల్లి, సుండా చిరుతపిల్లి, చదును తల పిల్లి, మన ప్రాంతాలలోను కనిపించే నామాలపిల్లి ఈ ప్రజాతిలోని తక్కిన జాతులు. వీటిలో నామాలపిల్లి అతి చిన్నది, బావురుపిల్లి అన్నిటికంటే పెద్దది.

దీనికి రెండు ఉపజాతులను గుర్తించారు. ప్రధాన ఆసియా భూభాగంలోను, శ్రీలంకలోను ఉన్నది వివెరైనస్. జావా ద్వీపానికి చెందినది రైజోఫోరియస్. దీనిని 1936లో సోడీ వర్ణించాడు. మడ చెట్ల ప్రజాతి అయిన రైజోఫోరాను గుర్తుచేసే పేరు ఇది.

విస్తరణ

పటంలో చూస్తే ఈ జంతువు పాకిస్తాన్ నుండి కంబోడియా వరకు పరచుకొని ఉన్నట్లు కనిపిస్తుంది. నిజానికి ఇది నీరున్న చోట్ల మాత్రమే, ఒకదానికొకటి దూరమైన ముక్కలుగా బతుకుతున్నది. పడమట సింధు నది దిగువ చిత్తడి నేలలు, ఉత్తరాన భారత్, నేపాల్‌లలోని తెరాయి ప్రాంతం, తూర్పున గంగా-బ్రహ్మపుత్ర డెల్టా, సుందరవనాలు దీని ముఖ్య స్థావరాలు. శ్రీలంకలో మాత్రం ఇది బాగా వ్యాపించి ఉన్నది. కొలంబో నగరపు చిత్తడి నేలలలో సైతం కనిపిస్తుంది. మయన్మార్, థాయిలాండ్, కంబోడియాలలో తీరం వెంబడి అక్కడక్కడ నమోదైనది. వియత్నాంలో దాదాపు అంతరించి ఉండవచ్చునని భావిస్తున్నారు.

గుర్తింపులో జరిగిన పొరపాట్లు ఈ పటాన్ని చాలాకాలం తప్పుగా చూపినవి. సుమత్రా ద్వీపంలో బావురుపిల్లి ఉన్నదని పలు గ్రంథాలు వ్రాసినవి. 2009లో ఆ ఆధారాలను తిరిగి పరిశీలించగా నిశ్చయమైనది ఒక్కటీ దొరకలేదు. ప్రచురితమైన ఛాయాచిత్రాలలో ఉన్నవి చిరుతపిల్లులని తేలింది. మన పడమటి తీరంలోని మలబారు ప్రాంతంలో ఉన్నట్లు 19వ శతాబ్దపు గ్రంథాలు పేర్కొన్నా, ఇటీవలి కాలంలో రుజువు లేదు. జావాలో పరిస్థితి మరింత విషమం. తీరపు మడ అడవులు చేపల చెరువులుగా మారిపోగా, అక్కడి ఉపజాతి ఇంకా మిగిలి ఉన్నదా అన్నదే సందేహం.

భారతదేశంలో రాజస్థాన్‌లోని కేవలాదేవ్ (భరత్‌పూర్), ఒడిశాలోని భితర్‌కనిక, చిలికా సరస్సు పేర్కొనదగినవి. కేవలాదేవ్‌లో జరిపిన అధ్యయనంలో దీని ఆహారంలో సుమారు నాలుగింట మూడు వంతులు చేపలే అని తెలిసింది; పక్షులు, కీటకాలు, ఎలుకలు మిగతా భాగం. 2022లో చిలికా వద్ద కెమెరాల సాయంతో జరిపిన లెక్కింపులో 176 బావురుపిల్లులు ఉన్నట్లు అంచనా వేశారు.

ఆంధ్రప్రదేశ్‌లో

గోదావరి ముఖద్వారం వద్ద కాకినాడ సమీపాన ఉన్న కోరింగ అభయారణ్యం, కృష్ణా నది సముద్రంలో కలిసేచోట ఉన్న కృష్ణా అభయారణ్యం రాష్ట్రంలో దీని ప్రధాన నివాసాలు. రాత్రివేళ మడ అడవుల్లోని కాలువల గట్లపై మాటువేసి చేపలను, పీతలను పడుతుంది. అభయారణ్యాల వెలుపల ఉన్న జమ్ము, తుంగ పొదలు కూడా దీనికి అవసరమైనవే. 1980ల నుండి డెల్టా జిల్లాలలో రొయ్యల, చేపల చెరువులు విస్తరించడంతో అటువంటి చోట్లు తరిగిపోయినవి. చెరువుల్లో చేపలకు అలవాటుపడిన పిల్లిని యజమానులు శత్రువుగా చూస్తారు. కుక్కల దాడులు, రోడ్డు ప్రమాదాలు కూడా దీనికి ముప్పుగా ఉన్నవి.

సంరక్షణ స్థితి

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో దీనిని అంతరించిపోతున్న జాతిగా ప్రకటించి, 2016లో ఒక మెట్టు తగ్గించి హాని పొందగల జాతుల జాబితాలో చేర్చింది. సంఖ్య పెరిగినందున చేసిన మార్పు కాదిది. సమాచారం మెరుగుపడినందున చేసినది. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున పులితో సమానంగా దీనికి రక్షణ కలదు. కాని చిలికాలో వలెనే డెల్టాలలోను చాలా పిల్లులు అభయారణ్యాల హద్దులకు అవతల, పట్టా భూములలోను, చెరువు గట్లపైనను ఉంటున్నవి.