స్టేడియాలు మిగిలాయి, జట్లు పోయాయి

హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు చితికిపోయిందని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. 1963లో కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కన్నుమూయడంతో ఆట కూడా పోయిందనేది ఒకటి. ఫతే మైదాన్‌ను క్రికెట్ మింగేసిందనేది రెండోది. 2024లో రహీం జీవితంపై ‘మైదాన్’ హిందీ సినిమా వచ్చాక మొదటి జవాబుకు ఇంకాస్త బలం చేకూరింది. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ పూర్తిగా నిలబడవు.

మైదానం పాత చరిత్ర చాలామందికి తెలిసిందే. 1687లో గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించిన ఔరంగజేబు సైన్యం ఇక్కడ విడిది చేసిందని, ఆ గెలుపు మీదే ఫతే మైదాన్ అన్న పేరు నిలిచిందని చెబుతారు. అసఫ్ జాహీల కాలంలో అక్కడ పోలో ఆడారు. 1967లో ఆ స్టేడియానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఆగి చూడాల్సింది ఈ మెట్లను కాదు, 1950 నుంచి 1965 దాకా నడిచిన పదిహేనేళ్లను.

రహీం వృత్తిరీత్యా బడిపంతులు, ఉస్మానియాలో చదువుకున్నారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు. ఆ ఏడాదే జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ అందుకుంది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ ఈ పోలీసులదే. 1954, 1957ల్లో మళ్లీ డ్యూరాండ్ గెలిచారు. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడి నాలుగోసారి దాన్ని దక్కించుకున్నారు. 1956, 1957ల్లో సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌దే.

ఇన్ని గెలుపుల వెనక రహీం బుర్ర ఉందనడంలో సందేహం లేదు. కుర్రాళ్లు బలహీనమైన కాలితోనే ఆడాలని, బంతిని కాలికి అంటిపెట్టుకుని డ్రిబ్లింగ్ చేయకూడదని షరతులు పెట్టి ఆయన టోర్నీలు నడిపారు. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు అలాంటి పోటీలో ఎడమకాలితో పాస్ ఇవ్వక తప్పదు. రెండు మూడు సీజన్లు గడిచేసరికి ఆ కాలు కూడా మాట వింటుంది. బ్రెజిల్ 1958 ప్రపంచకప్‌లో చూపిన 4-2-4 అమరికను రహీం అంతకుముందే వాడారని అభిమానులు గట్టిగా చెబుతారు. ఆయన జట్ల ఆటలో ఆ ఛాయలు ఉండి ఉండవచ్చు. కానీ ప్రపంచానికి ఆయనే దారి చూపారనడం మాత్రం అతి. 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించిన హంగరీ కూడా ఇలాంటి ఆలోచనలతోనే ఆడింది. రహీం గొప్పతనానికి ఆ అతిశయోక్తి అక్కర్లేదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు వచ్చిన స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దక్కిన నాలుగో స్థానం ఆయన శిక్షణలోనివే. నూర్ మొహమ్మద్, అజీజ్, తులసీదాస్ బలరాం, అబ్దుల్ లతీఫ్, అహ్మద్ హుస్సేన్ వంటి హైదరాబాదీలు మెల్‌బోర్న్ జట్టులో ఉన్నారు.

అయితే ఈ కథలో తరచూ మరుగున పడేది జట్టు పేరులోనే ఉన్న మాట: పోలీస్. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతకడానికి వేరే దారి పెద్దగా లేదు. పేదింటి కుర్రాడికి పోలీసు ఉద్యోగమంటే నెల జీతం, ఏడాది పొడవునా సాధన చేసేందుకు తోటి ఆటగాళ్లు, ఆట ముగిశాక కూడా నిలిచే బతుకుతెరువు. రహీం పాఠాలు చెప్పగలిగింది రోజూ ఒకచోట చేరే ఆటగాళ్లకు. ఆ చేరికను సాధ్యం చేసింది పోలీసు శాఖ. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు అసలు స్టేడియం ఆ ఉద్యోగమే.

ఈ వాదనకు అడ్డుతగిలే నిజమొకటి ఉంది. ఉద్యోగం ఒక్కటే ఆటగాణ్ణి కట్టిపడేయలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. మొహమ్మద్ హబీబ్ 1966లో అదే దారి పట్టారు. కలకత్తా క్లబ్బులు ఇచ్చే పేరును, అక్కడి జనాన్ని ఏ పోలీసు శాఖా ఇవ్వలేదు. కాబట్టి వలస నష్టం నిజమే. కానీ వెళ్లినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లు వచ్చినంతకాలం ఊరి ఆట నిలబడింది.

రహీం మరణంతోనే ఆట ముగిసిందనే మాటకు 1965 అడ్డం నిలుస్తుంది. ఆయన పోయిన రెండేళ్లకు ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వచ్చారు. ఒక మనిషి పోయినంత మాత్రాన ఇంతమంది వెలుగులోకి రావడం ఆగలేదు.

క్రికెట్ మీద మోపే నేరమూ పూర్తిగా రుజువు కాదు. 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో టెస్ట్ ఫతే మైదాన్‌లోనే జరిగింది. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసి డబుల్ సెంచరీ కొట్టిన తొలి భారతీయుడయ్యాడు. సరిగ్గా ఆ మరుసటి రెండేళ్లలోనే హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ రెండుసార్లు గెలిచింది. రెండు ఆటలూ ఒకే ఊళ్లో ఒకేసారి వెలిగాయి. 2005లో ఉప్పల్ స్టేడియంలో తొలి వన్డే జరిగాక అంతర్జాతీయ క్రికెట్ లాల్ బహదూర్‌ను వదిలేసింది. ఆ ఖాళీలోకి ఫుట్‌బాల్ తిరిగి వచ్చి ఉండాల్సింది. రాలేదు. మైదానం ఉన్నా అందులో దిగే జట్టు లేకపోయింది.

కేరళను చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. కేరళ పోలీస్ జట్టు 1990, 1991ల్లో ఫెడరేషన్ కప్ గెలిచింది. పేదరికంలో పెరిగిన ఐ.ఎం. విజయన్‌కు నిలదొక్కుకునే చోటు ఇచ్చింది ఆ శాఖే. 1950ల్లో హైదరాబాద్ చేసిన పనిని ఇంకో రాష్ట్రం నలభై ఏళ్ల తర్వాత కూడా చేసి చూపించింది. కాలం మారిందన్న సాకు ఇక్కడ చెల్లదు.

ఇప్పుడు ఫుట్‌బాల్ చూడాలంటే వెళ్లాల్సింది గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియానికి. 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడలకు అది సిద్ధమైంది. ఆఫ్రో-ఆసియా ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్ ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1తో ఓడింది. 2024లో ఇంటర్‌కాంటినెంటల్ కప్, ఆపైన మలేసియాతో 1-1గా ముగిసిన మ్యాచ్ అక్కడే జరిగాయి. మెట్రోలో వచ్చేవాళ్లు రాయదుర్గంలో దిగి అక్కడి నుంచి ఆటో ఎక్కాలి. లోపల కూర్చున్నాక అసలు ఇబ్బంది తెలుస్తుంది. అది పరుగు పందేల కోసం కట్టిన స్టేడియం. గోల్ వెనక గ్యాలరీకీ గోల్‌పోస్టుకీ మధ్య ట్రాక్ వంపంతా అడ్డంగా ఉంటుంది. కార్నర్ కిక్ కొట్టేవాడి ముఖం కనిపించదు, బంతిని తన్నిన చప్పుడు అరుపుల్లో కలిసిపోతుంది. ఫుట్‌బాల్ అభిమానికి కావాల్సిన దగ్గరితనం అక్కడ దొరకదు.

అసెంబ్లీ మెట్రో స్టేషన్‌కు దగ్గరలో ఉన్న లాల్ బహదూర్ స్టేడియానికి చేరుకోవడం తేలిక. ఊరి నడిబొడ్డున ఉన్న ఆ మైదానాన్ని రాష్ట్రం ప్రమాణ స్వీకారాలకు తరచూ వాడుకుంటోంది. 1983లో ఎన్.టి. రామారావు, 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023లో రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది అక్కడే. ప్రజల పండుగలకు అది తగిన చోటే. కానీ నగర ఫుట్‌బాల్ లీగ్ తుది పోటీలకు ఆ ద్వారాలు అంత తేలిగ్గా తెరుచుకోవడం లేదు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చినప్పుడు ఆశ మళ్లీ చిగురించింది. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ ట్రోఫీ ఎత్తింది. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. ఛాంపియన్లుగా నిలిచిన ఏడాదిలో సొంత ఊరి జనం ముందు వాళ్లు ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. వేళ్లూనుకోని చెట్టును పీకి ఇంకోచోట నాటడం కష్టం కాదు. పోలీసు జట్టును మాత్రం ఎవరూ ఢిల్లీకి తీసుకెళ్లలేకపోయేవారు.

2014 విభజనతో ఈ రెండు స్టేడియాలూ తెలంగాణలో ఉండిపోయాయి. ఆంధ్రప్రదేశ్ వైపు అనంతపురంలో ఆర్‌డీటీ క్రీడా గ్రామం ఫుట్‌బాల్‌కు చేస్తున్న సేవ గుర్తించదగ్గది. అరకు, పాడేరు కొండల్లో బంతి తన్నే పిల్లాడికి గచ్చిబౌలి ఇప్పుడు పక్క రాష్ట్రం. అతనికి ఇంకో కాంక్రీటు గిన్నె కట్టించడం కంటే, ఆశ్రమ పాఠశాలల మధ్య ఏటా లీగ్, బాగా ఆడినవాళ్లకు పోలీసు శాఖలో ఉద్యోగం ఎక్కువ మేలు చేస్తాయి. రెండు రాష్ట్రాల పోలీసు శాఖలూ తమ ఫుట్‌బాల్ జట్లకు పూర్తి బలగాన్ని తిరిగి సమకూర్చాలి. నగర లీగ్ ఫైనల్స్‌కు లాల్ బహదూర్ స్టేడియంలో ఏటా తేదీలు ఖాయం చేయాలి. కొత్త స్టేడియం ప్రతిపాదన ఏదైనా ఆ తర్వాతే చర్చకు రావాలి.