ప్రాణం దక్కిన తర్వాత: మాటల చికిత్స మన హక్కు

ఆత్మహత్యాయత్నం నుంచి బయటపడిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేయడంతో పని అయిపోదు. మళ్లీ ప్రయత్నించే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ తర్వాతి వారాల్లో, నెలల్లోనే. సున్నపు బట్టీల ఊరు పిడుగురాళ్లలో కూలి, అప్పు, కులావమానం మధ్య నలిగే కుటుంబాలకు అందేలా చెప్పాలని మేం ఇది రాస్తున్నాం.

మాటల చికిత్సలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో ఆ రోజుకు దారితీసిన సంగతులను ఆ మనిషి నోటితోనే వింటారు. అలాంటి ఘడియ మళ్లీ వస్తే ముందుగా కనిపించే గుర్తులేమిటి, ఏం చేస్తే మనసు కుదుటపడుతుంది, ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లో ప్రమాదకరమైనవి ఎవరికి అప్పగించాలి అన్నవి ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకుంటారు.

దీని ఫలితం రుజువైంది. చెన్నై సహా ఐదు చోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం 2008లో వెలువడింది. కొందరితో గంటసేపు మాట్లాడి, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్లోనో, ఇంటికి వెళ్లో పలకరించారు. వారిలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం. మామూలు వైద్యమే అందిన వారిలో 2.2 శాతం.

అయితే కులం ఊసెత్తగానే మాట మార్చే కౌన్సెలింగ్ మనకు పనికిరాదు. అవమానపడ్డ విద్యార్థికి ‘సర్దుకుపో’ అని చెప్పడం వివక్షను కాపాడటమే. 2016లో రోహిత్ వేముల మరణం తర్వాత విద్యార్థులు నిలదీసింది వ్యవస్థనే. చికిత్స బాధను వినాలి, ఫిర్యాదుకు అడ్డుపడకూడదు.

చట్టం మన వైపు ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కుల వివక్ష లేని వైద్యాన్ని హక్కుగా గుర్తించింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ప్రభుత్వ మానసిక వైద్య కేంద్రాల్లో చికిత్స ఉచితం. 23వ సెక్షన్ ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వారికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను 115వ సెక్షన్ ప్రభుత్వం మీద పెట్టింది. పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమల్లో లేదు. ప్రభుత్వోద్యోగిపై ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నం మాత్రం కొత్త చట్టంలోనూ నేరమే.

టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. గుంటూరు జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. మీ వాడలో ఎవరైనా ఆసుపత్రి నుంచి తిరిగొస్తే ఎందుకు చేశావని నిలదీయకండి. పక్కన కూర్చోండి. వచ్చే వారం మళ్లీ వెళ్లండి.