జెండా వెంకయ్య నమూనాలు, నిజాం కుల్చా

1916లో పింగళి వెంకయ్య ఓ చిన్న పుస్తకం అచ్చు వేయించారు. పరాయి దేశాల జెండాల వివరాలు, మన దేశానికి పనికొస్తాయని తాను గీసిన ముప్పై నమూనాలు అందులో ఉన్నాయి. గీయమని ఆయన్నెవరూ అడగలేదు. భట్లపెనుమర్రులో పుట్టి, బోయర్ యుద్ధంలో దక్షిణాఫ్రికా దాకా వెళ్లొచ్చిన మనిషి. పత్తి వెంకయ్య, డైమండ్ వెంకయ్య, జపాన్ వెంకయ్య అని జనం పెట్టిన పేర్లు చాలవన్నట్టు జెండా వెంకయ్య కూడా అయ్యారు.

కాంగ్రెస్ సభలు ఎక్కడ జరిగినా జెండా మాట ఎత్తకుండా ఉండేవారు కాదు. నాలుగేళ్లుగా ఆయన పట్టుదలను మెచ్చుకుంటూనే, ఆ బొమ్మల్లో దేశాన్ని కదిలించేదేదీ కనబడలేదని గాంధీజీ 1921 ఏప్రిల్ 13 నాటి తన పత్రిక యంగ్ ఇండియాలో రాసేశారు. జెండాలు గీసే సరదా ఉన్నవాళ్లకు ఇంతకన్నా కటువైన మాట ఉండదు. చరఖా ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. బెజవాడ అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ) సమావేశాల్లో గాంధీజీ కోరగా, హిందువులకు గుర్తుగా ఎరుపు, ముస్లింలకు గుర్తుగా ఆకుపచ్చల మీద చరఖా వేసి ఇచ్చారు వెంకయ్య. సమావేశం ముందు పెట్టే వేళకది అందలేదు. ఆలస్యమే మంచిదైందన్నారు గాంధీజీ. మిగతా మతాలకూ చోటుండాలని తెలుపు చేర్పించారు. పదేళ్లకు, 1931లో, పట్టాభి సీతారామయ్య కన్వీనరుగా ఉన్న కమిటీ మొత్తం కాషాయమే చాలంది. ఏఐసీసీ ఒప్పుకోలేదు, మూడు రంగులే నిలిచాయి.

ముప్పై నమూనాల్లో ఒక్కటీ ఎందుకు నిలవలేదు? నా ఊహ ఒకటుంది. పుస్తకాలు చూసి గీసిన జెండాకు ఊరి అరుగు మీద చెప్పుకునే కథ ఉండదు. హైదరాబాద్ నిజాం జెండానే చూడండి. పసుపు గుడ్డ, మధ్యలో తెల్లటి గుండ్రం. చంటిపిల్లాడైనా గీసేస్తాడు. కానీ ఆ గుండ్రం కుల్చా రొట్టె. మొదటి నిజాం ఆకలితో వస్తే ఓ సూఫీ గురువు కుల్చాలు పెట్టాడట, ఏడు తిన్నాడట, ఏడు తరాలు ఏలుతారని దీవించాడట. నిజమో కాదో ఎవరికి కావాలి, జెండా మనసులో పడిపోయింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది ఆ జెండా నీడనే. ఇరవై ఏళ్లకు వందేమాతరం పాడిన విద్యార్థులను బయటికి పంపిందీ ఆ నీడలోనే.

ఇక చక్రం సంగతి వేరే. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో చరఖా బదులు అశోకచక్రం వచ్చింది. ఆ రూపు గీసిన ఘనత హైదరాబాద్‌లో పుట్టిన సురయ్యా త్యాబ్జీదని ఆమె కుటుంబం చెబుతుంది. వెంకయ్యా, ఆమేనా అని టీవీల్లో తగవులాడేవాళ్లున్నారు. పాతికేళ్లలో ఇన్ని చేతులు మారిన బొమ్మకు ఒక్కరి పేరే రాయాలన్న పంతం నాకు అర్థం కాదు. ఆమె పుట్టిన ఊళ్లోనే ఆగస్టు 15న ఆ జెండా ఎగరేసినందుకు హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ నేత స్వామి రామానందతీర్థను నిజాం ప్రభుత్వం అరెస్టు చేసింది. 1948 సెప్టెంబరులో, ఆ సంస్థానాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య ముగిశాకే హైదరాబాద్‌లో త్రివర్ణానికి అడ్డు తొలగింది.