అతిథి గృహంలో మద్యం.. లైసెన్సు లేకుంటే నేరమే

అరకులోయ: శీతాకాలంలో అరకు, అనంతగిరి ప్రాంతాలకు పర్యాటకుల తాకిడి పెరగగానే నాలుగైదు గదుల అతిథి గృహాల యజమానులకు ఒక చిక్కు ఎదురవుతుంది. సీసా తెప్పించమని అడిగిన అతిథిని కాదనలేక దుకాణం నుంచి తెచ్చి, ఆ సొమ్మును గది అద్దెలో కలిపి వసూలు చేయడం కొందరికి మర్యాదగానే తోచవచ్చు. చట్టం దృష్టిలో మాత్రం అది విక్రయం.

1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే మద్యం అమ్మరాదు. ముద్రిత ధరకే ఇచ్చినా, లాభం లేకున్నా మినహాయింపు ఉండదు. అమ్మకానికి సీసాలు ఫ్రిజ్‌లో దాచిన గృహానికీ, పల్లెల్లోని బెల్టు షాపుకూ చట్టరీత్యా భేదం లేదు. రెంటిపైనా అదే చట్టంలోని 34వ సెక్షన్ కింద కేసు నమోదవుతుంది. నేరం రుజువైతే జైలు శిక్ష, జరిమానా తప్పవు. పంచాయతీ ఇచ్చిన వ్యాపార అనుమతి గానీ, ఆహార భద్రతా లైసెన్సు గానీ, పర్యాటక శాఖ వద్ద నమోదు గానీ మద్యం అమ్మే హక్కునివ్వవు.

లైసెన్సు తీసుకుంటే సరిపోతుంది కదా అనుకోవచ్చు. అది చిన్న యజమానికి అందే వ్యవహారం కాదు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన విధానంలో రాష్ట్రవ్యాప్తంగా 840 బార్లను నిర్దేశించి, లాటరీ ద్వారా కేటాయింపునకు పూనుకున్నారు. జనాభాను బట్టి వార్షిక లైసెన్సు రుసుమును రూ.35 లక్షలు, రూ.55 లక్షలు, రూ.75 లక్షలుగా నిర్ణయించారు. మూడు నక్షత్రాలు, ఆపై స్థాయి హోటళ్లకు వేరే పద్ధతి ఉన్నప్పటికీ ఐదు గదుల ఇల్లు ఆ కోవలోకి రాదు.

గ్రామసభ మాటా ముఖ్యమే

అరకులోయ షెడ్యూల్డు ప్రాంతం. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం ఇక్కడ వర్తిస్తుంది. మత్తు పదార్థాల అమ్మకాన్ని, వినియోగాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలని ఆ చట్టం నిర్దేశిస్తోంది. రహదారి దూరం మరో అంశం. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం విక్రయాలు ఉండరాదని 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 20 వేలు, అంతకు తక్కువ జనాభా గల స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరాన్ని 2017 మార్చి 31న 220 మీటర్లకు తగ్గించింది. బార్లకూ ఇది వర్తిస్తుందని అప్పుడే స్పష్టం చేసింది. అరకు మీదుగా 516ఈ జాతీయ రహదారి సాగుతున్నందున ఈ కొలత స్థానికులకు ముఖ్యం.

అతిథి తెచ్చుకుంటే?

21 ఏళ్లు నిండిన అతిథి లైసెన్సు గల దుకాణంలో కొన్న మద్యాన్ని పరిమితికి లోబడి తన గదిలో సేవిస్తే యజమాని విక్రేత కాడు. భోజనశాలలోనో, పెరట్లోని చలిమంట చుట్టూనో బల్లలు వేసి గ్లాసులు, సోడాలు సమకూర్చి రుసుము వసూలు చేస్తే మాత్రం కథ మారుతుంది. అనుమతి లేకుండా మద్యపానానికి చోటిచ్చారన్న అభియోగం దాబాల మాదిరే అతిథి గృహంపైనా పడుతుంది. సరిహద్దు దాటి ఒడిశా నుంచి అనుమతి లేకుండా తెచ్చిన సీసా దొరికితే చిక్కు మరింత పెద్దది. అది గదిలో దొరికినా, వంటగదిలో దొరికినా మొదట సమాధానం చెప్పవలసింది యజమానే.

పర్యాటకులు ముచ్చటపడి అడిగే జీలుగు కల్లు సంగతి చాలామందికి తట్టదు. ఎక్సైజ్ చట్టం నిర్వచనంలో కల్లు సైతం మద్యమే. దానిని అతిథులకు అమ్మాలన్నా లైసెన్సు కావాలి. సారా విషయంలో అసలు సందేహానికే తావు లేదు, 1993 అక్టోబరు 1 నుంచి అది రాష్ట్రంలో నిషిద్ధం.

పెళ్లి, పుట్టినరోజు వంటి వేడుకలకు అతిథి గృహాన్ని అద్దెకిచ్చేవారు ఒక రోజు పర్మిట్ కోసం మద్యనిషేధ, ఎక్సైజ్ అధికారులకు ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. పర్మిట్ చేతిలో ఉన్నా 21 ఏళ్లలోపు వారికి మద్యం ఇవ్వరాదు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో విక్రయాలు ఉండవు గనుక ఆ రోజుల్లో వేడుకలకు బుకింగ్ తీసుకునేటప్పుడే ఈ సంగతి అతిథులకు తెలపాలి.