పరిగె గాలం

మా తాతయ్య గాలంలో బరువన్నదే ఉండేది కాదు. సన్నటి వెదురు కర్ర, నూలు దారం, జీలుగు బెండు ముక్క, వంచిన గుండుసూది. ఎర వానపాములో చిన్న తుంపు. "దారం లావైతే పరిగెకి అనుమానం రా అబ్బాయ్" అనేవాడు.

ఆయన కూర్చున్న గట్టు కాటన్ దొర గోదావరి కాలవది. ఆ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. సముద్రం నుంచి ఎదురీదే పులసకి అది అడ్డుగోడ. చిన్న చేపకి మాత్రం కొత్త ఊళ్లు దొరికినట్టయింది: కాలవ, బోదె, వరిచేను, మురుగుకోడు. వానలకి పరిగెలు చేలల్లోకి ఎక్కేవి. వేసవిలో కాలవలు కట్టేస్తే మిగిలిన మడుగుల్లో జెల్లలు, మట్టగిడసలు పోగయ్యేవి. పిల్లలకి అదే పండగ.

మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో మన దేశపు గాలం వేట మీద పుస్తకమే అచ్చువేశాడు. దొరలకది వినోదం. మా ఇంట్లో మాత్రం దోసెడు పరిగెలు పడితే చింతకాయ వేసి పులుసు.

1980ల నుంచి కొల్లేరు, భీమవరం వైపు చేలు చేపల చెరువులయ్యాయి. చేలల్లో పురుగుమందులు పెరిగాయి. సంతలో ఇప్పుడు కిలోలు తూగే బొచ్చెలే.

మొన్న అదే గట్టున గాలం వేశాను. గంట తర్వాత బెండు ఒక్కసారి వణికింది. వేలెడు పరిగె. వెండిలా మెరిసింది. కొక్కెం తీసి కాలవలోకే వదిలేశాను. తాతయ్య చూస్తే తిట్టేవాడే.