1776 నంబరు బిల్లు

హిట్లర్‌తో పోరాడుతున్న బ్రిటన్‌కు ఆయుధాలు అందించేందుకు 1941 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభలో పెట్టిన బిల్లు నంబరు ఎంతో తెలుసా? 1776! బ్రిటిషు రాజును కాదని అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఏడాది అది. తెగదెంపుల ఏటి అంకెతోనే ఆదుకునే చట్టం రావడం ఎంత ముచ్చటైన సంగతి!

మధ్యలోని కాలాన్ని గబగబా దాటేయవచ్చు. 1814లో బ్రిటిషు సేనలు వైట్‌హౌస్‌ను తగలబెట్టాయి. 1917లో అమెరికా బ్రిటన్ పక్షాన మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది, అది ముగిశాక మళ్లీ తన గడప లోపలికి వెళ్లిపోయింది.

అసలు కథంతా 1940లో ఉంది. జూన్‌లో ఫ్రాన్సు పడిపోయింది. బ్రిటన్‌కు మేధస్సు ఉంది, దాన్ని వేల సంఖ్యలో యంత్రాలుగా మార్చే ఫ్యాక్టరీల బలం చాలదు. అందుకే శాస్త్రవేత్త హెన్రీ టిజార్డ్ సలహాతో తన యుద్ధ రహస్యాలను బేరమాడకుండా అమెరికా చేతిలో పెట్టాలని నిర్ణయించుకుంది. వాటిలో తలమానికం మ్యాగ్నెట్రాన్. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండాల్, హ్యారీ బూట్ తయారుచేసిన ఆ చిన్న పరికరంతో విమానంలో పట్టేంత రాడార్ సాధ్యమైంది.

దాన్ని అమెరికా వెళ్లే ఓడ దాకా చేర్చే పని ఎడ్వర్డ్ బోవెన్ అనే యువ శాస్త్రవేత్తది. రాత్రి హోటల్లో అది ఉన్న నల్ల రేకుపెట్టెను మంచం కింద పెట్టుకున్నాడు. పొద్దున్నే టాక్సీ డ్రైవరు దాన్ని లోపల పెట్టనివ్వక పైకప్పు మీదికెక్కించాడు. లండన్‌లోని యూస్టన్ స్టేషన్‌లో పోర్టరు పెట్టె ఎత్తుకుని జనంలోకి దూసుకుపోతుంటే బోవెన్ వెనక పరుగెత్తాడు. అమెరికాలో ఎక్స్‌రే తీసి చూస్తే, పటంలో ఆరు గదులున్న పరికరంలో ఎనిమిది కనిపించాయి! ఆ ఏడాదే మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో రాడార్ ప్రయోగశాల మొదలైంది.

అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా 50 పాత డెస్ట్రాయర్లిచ్చి, బ్రిటిషు భూభాగాల్లో 99 ఏళ్లకు స్థావరాలు తీసుకుంది. డిసెంబరులో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ విలేఖరులతో, పక్కింటికి నిప్పంటుకుంటే నీళ్ల గొట్టానికి ముందే ధర అడగం కదా అన్నాడు. 1941 మార్చి 11న ఆ 1776 నంబరు బిల్లుపై, అంటే లెండ్ లీజ్ చట్టంపై, సంతకం చేశాడు. దాని కింద వెళ్లిన దాదాపు 5,000 కోట్ల డాలర్ల సాయంలో సగానికి పైగా బ్రిటిషు సామ్రాజ్యానిదే. రోల్స్‌రాయిస్ వారి మెర్లిన్ ఇంజిన్లను డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ కంపెనీ తయారుచేసింది. ఆ ఇంజిన్‌తోనే అమెరికన్ మస్టాంగ్ గొప్ప యుద్ధవిమానమైంది.

యుద్ధం ముగియగానే ఆ పెద్దమనసూ పోయింది. 1945 ఆగస్టులో అధ్యక్షుడు ట్రూమన్ లెండ్ లీజ్‌ను నిలిపేశాడు. బ్రిటన్ తరఫున ఆర్థికవేత్త కీన్స్ వాషింగ్టన్ వెళ్లి 375 కోట్ల డాలర్ల అప్పును రెండు శాతం వడ్డీకి తెచ్చుకోవాల్సి వచ్చింది. అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో బ్రిటిషు శాస్త్రవేత్తలు భుజం కలిపి పనిచేసినా, 1946 మెక్‌మాన్ చట్టం వారికి అణు రహస్యాల తలుపు మూసేసింది. ఇది అన్యాయం. నమ్మి ముందుగా పెట్టె తెరిచినవారికి దక్కాల్సిన మర్యాద అది కాదు.

అప్పులో చివరి వాయిదాను బ్రిటన్ 2006 డిసెంబరులో చెల్లించింది.