చీకో నది మీద కట్టని ఆనకట్ట

ఏటా మనం కొమురం భీంను తలచుకోవడానికి జోడేఘాట్ వెళ్తాం. సముద్రానికి అవతల ఫిలిప్పీన్స్ కొండల్లోని ఆదివాసులు కూడా ఏటా ఏప్రిల్ 24న ఒక పెద్దాయనను తలచుకుంటారు. ఆయన పేరు మక్లీయింగ్ దులాగ్. మన బడుల్లో ఆయన కథ వినిపించదు. కానీ అది మనం తెలుసుకోవలసిన కథ.

ఫిలిప్పీన్స్ ఏడు వేలకు పైగా దీవుల దేశం. ఉత్తరాన లుజాన్ దీవిలో కార్డిలెరా పర్వతాలున్నాయి. కళింగ, బొంతోక్, ఇఫుగావ్, ఇబలోయి వంటి తెగలు అక్కడ నివసిస్తాయి. వీరందరినీ కలిపి ఇగొరోత్‌లు అంటారు. కొండవాలును మెట్లుగా మలిచి, వాగునీటిని మళ్లించి వరి పండించడం వీరి తాతలనాటి విద్య.

1565 నుంచి 1898 వరకు స్పెయిన్ ఆ దేశాన్ని ఏలింది. మైదానాలు లొంగినా ఈ కొండలు పూర్తిగా లొంగలేదు. కానీ స్పెయిన్ వాళ్లు ఒక సూత్రాన్ని మాత్రం వదిలిపోయారు. కాగితం లేని భూమి అంతా రాజుదే అన్నది ఆ సూత్రం. మన అడవులను 'సర్కారు అడవి' చేసిన పద్ధతి కూడా ఇలాంటిదే కదా! తర్వాత వచ్చిన అమెరికా పాలకులూ ఆ సూత్రాన్నే పట్టుకున్నారు. మతేయో కరిన్యో అనే ఇబలోయి పెద్ద దాని మీద కోర్టుకెక్కాడు. ఎవరి జ్ఞాపకానికీ అందనంత కాలం నుంచి సొంతదిగా అనుభవంలో ఉన్న భూమి ఎన్నడూ సర్కారుది కాదని 1909లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది.

తీర్పు మంచిదే. కానీ అది గనులనూ ఆపలేదు, ఆనకట్టలనూ ఆపలేదు. 1950ల్లో అగ్నో నది మీద అంబుక్లావ్, బింగా ఆనకట్టల పనులు మొదలయ్యాయి. ఇబలోయిల పొలాలు, ఇళ్లు మునిగాయి. ఇస్తామన్న పరిహారం, భూమి చాలామందికి సరిగా దక్కలేదు. ఆ సంగతి పక్క కొండల వాళ్లు చూశారు, గుర్తుపెట్టుకున్నారు.

1972లో అధ్యక్షుడు మార్కోస్ సైనిక చట్టం విధించాడు. ఆ చీకటి కాలంలోనే చీకో నది మీద నాలుగు ఆనకట్టలు కట్టి వెయ్యి మెగావాట్లకు పైగా కరెంటు తీయాలని పథకం వేశారు. వెనుక ప్రపంచ బ్యాంకు ఉంది. మునిగేవి మాత్రం కళింగ, బొంతోక్ గ్రామాలు, వాళ్ల వరిమళ్లు, పూర్వీకుల సమాధులు. వాళ్లను ఎవరూ అడగలేదు. సర్వే మనుషులు వచ్చి గుడారాలు వేశాకే ఊళ్లకు విషయం తెలిసింది.

మొదట పెద్దలు అర్జీలు పట్టుకుని మనీలా వెళ్లారు. అక్కడ వినేవారు లేరు. అప్పుడు ఆడవాళ్లు ముందుకు వచ్చారు. సర్వే గుడారాలను పీకి, సామాను మోసుకెళ్లి తిరిగి అప్పగించారు. సర్కారు డబ్బు ఎర చూపి ఒక ఊరికీ ఇంకో ఊరికీ తగవు పెట్టాలని చూసింది.

ఇక్కడే వాళ్ల పాత సంప్రదాయం అక్కరకొచ్చింది. దాని పేరు బోదోంగ్. రెండు ఊళ్ల మధ్య పగలు రేగకుండా పెద్దలు చేసుకునే శాంతి ఒడంబడిక అది. 1975లో అనేక ఊళ్ల పెద్దలు కలిసి దానిని విస్తరించారు. ఆనకట్ట పనికి ఎవరూ పోకూడదన్నారు. కట్టుబాటు దాటి ఆ పనికి పోయినవాడు అక్కడ చంపబడితే, ఆనకట్టను ఎదిరించే ఊళ్లకు ఆ చావుతో బాధ్యత లేదన్నారు. తరాలుగా తగవులు పడ్డ ఊళ్లు కూడా నది కోసం ఒక్కమాట మీద నిలబడ్డాయి.

బుగ్నాయ్ ఊరి పెద్ద మక్లీయింగ్ ఆ ఐక్యతకు గొంతు అయ్యాడు. ఆయన రోడ్డు మరమ్మతు పని చేసుకునే మామూలు మనిషి. మనిషి పోయినా నిలిచి ఉండే భూమికి మనిషి యజమాని ఎలా అవుతాడన్నదే ఆయన వాదన. డబ్బుకు లొంగలేదు, బెదిరింపుకు బెదరలేదు. 1980 ఏప్రిల్ 24 రాత్రి సైనికులు ఆయన ఇంటి మీద కాల్పులు జరిపి చంపేశారు.

నాయకుణ్ణి చంపితే ఉద్యమం చస్తుందనుకున్నారు. జరిగింది వేరు. కొండలన్నీ కదిలాయి, మైదాన ప్రజలూ తోడయ్యారు. ప్రపంచ బ్యాంకు వెనక్కి తగ్గింది, ఆ నాలుగు ఆనకట్టల పథకం మూలపడింది. 1982లో ఆ బ్యాంకు గిరిజనుల విషయంలో పాటించాల్సిన నియమాలు రాసుకోవడానికి ఈ పోరాటమూ ఒక కారణం.

1986లో మార్కోస్ గద్దె దిగాడు. 1987 రాజ్యాంగం పూర్వీకుల భూములపై ఆదివాసుల హక్కును గుర్తించింది. 1997 అక్టోబరులో ఆదివాసీ హక్కుల చట్టం వచ్చింది. ముందుగా అన్నీ చెప్పి, ఒత్తిడి లేకుండా ఒప్పుకోలు తీసుకోవాలని ఆ చట్టం అంటుంది. మనకు 1996లో పెసా చట్టం, 1997 జూలైలో సమత తీర్పు వచ్చాయి. రెండు చోట్లా దాదాపు ఒకే కాలంలో హక్కులు కాగితం మీదికి ఎక్కాయి.

కాగితం మీద అని ఎందుకంటున్నామంటే, అక్కడ 1995 గనుల చట్టం విదేశీ కంపెనీలకు తలుపులు తెరిచింది. సియెర్రా మాద్రే కొండల్లో కలివా ఆనకట్ట దుమగత్ ప్రజల ముందుకు అదే ప్రశ్నను మళ్లీ తెచ్చింది. 2021లో బుగ్నాయ్‌లోని మక్లీయింగ్ స్మారకాన్ని సైతం కూల్చివేశారు. ఇక్కడ పోలవరం ముంపులో ఊళ్లు వదిలిన కోయ, కొండరెడ్డి కుటుంబాలకు 'ఒప్పుకోలు' అన్న మాట ఎంత బరువైనదో వేరే చెప్పాలా?

చీకో ప్రజలు గెలిచింది ముందుగా చట్టం ఉన్నందువల్ల కాదు. చట్టం తర్వాత వచ్చింది. ముందున్నది ఊళ్ల మధ్య మాట, ఆ మాటకు కట్టుబాటు. మన గూడేల్లోనూ పెద్దల పంచాయితీలు, ఊరి కట్టుబాట్లు ఉన్నాయి. వాటిని పాతవని పక్కన పెట్టకుండా గ్రామసభకు బలంగా మార్చుకోవడం యువత పని. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో చదివాకే సంతకం పెట్టాలి, చదవలేని అవ్వకూ తాతకూ వాళ్ల భాషలో చదివి వినిపించాలి. ఉపాధ్యాయులు పిల్లలకు కొమురం భీం కథ చెప్పే రోజున మక్లీయింగ్ కథ కూడా చెప్పాలి. చీకో నది ఈనాటికీ ఆ ఊళ్ల పక్కనే పారుతోందని పిల్లలకు పటంలో వేలుపెట్టి చూపించాలి.